కొత్త ఏడాదిలో కాస్త మంచి మనిషి కావాలనుకుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి డిసెంబరు చివర్లో కొందరు, మళ్ళీ ఫిబ్రవరి మధ్యలో ఇంకొందరు నన్ను దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. డిసెంబరులో అడిగేవాళ్ళ గొంతులో హుషారు ఉంటుంది, ఫిబ్రవరిలో అడిగేవాళ్ళ గొంతులో సిగ్గు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ, చివరికి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. నేను సైకాలజిస్టుని కాను. ఏళ్ళ తరబడి తీర్మానాలు రాసి, చాలావాటిని మధ్యలో వదిలేసి, ఆ తర్వాత ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు వెతుక్కుని చదివిన మనిషిని. బరువు తగ్గడం, డబ్బు దాచడం లాంటివాటి జోలికి ఇందులో పోలేదు. చుట్టూ ఉన్నవాళ్ళతో మనం ఎలా మెలుగుతున్నాం అన్నదొక్కటే విషయం. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టకముందు

"మంచి మనిషి" కావాలని ఉంది గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. ఏం చెయ్యాలి?

మాట అంత పెద్దదిగా ఉంటే ఎవరికీ తెలియదు. దాన్ని ఒక మనిషికి, ఒక సందర్భానికి కుదించండి. "ఓపికగా ఉంటాను" అన్నది కోరిక. "అమ్మ ఫోన్లో అడిగిందే మళ్ళీ అడిగితే, మొదటిసారి అడిగినట్టే జవాబు చెప్తాను" అన్నది పని. చేశామో లేదో రాత్రికల్లా తెలిసిపోతుంది.

ఇది నా సొంత ఉదాహరణే. "చెప్పాను కదమ్మా, ఇందాకే!" అనేవాణ్ణి. అందులో తిట్టు లేదు, గట్టిగా అరిచిందీ లేదు. కానీ ఆ "ఇందాకే" దగ్గర గొంతు ఒక మెట్టు పైకి లేచేది. అవతల అమ్మ "సరేలే నాన్నా, మర్చిపోయాను" అని ఫోన్ పెట్టేసేది. అడగాలనుకున్నవి ఇంకెన్ని మింగేసి పెట్టేసిందో నాకు తెలియదు. ఒక జనవరిలో ఆ ఒక్క మాట మానెయ్యడమే పనిగా పెట్టుకున్నాను. పేరుకి చిన్నదే గానీ, ఏప్రిల్ దాకా పట్టింది.

మీ సందర్భం ఏదో తేలకపోతే ఒక్క ప్రశ్న వేసుకోండి: గడిచిన వారంలో ఎవరితో మాట్లాడాక నా మీద నాకే చిరాకేసింది? చాలామందికి జవాబు ఒక పేరుగా వచ్చేస్తుంది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఇన్నేళ్ళ స్వభావం ఏడాదిలో మారుతుందా?

సామెత పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. నేథన్ హడ్సన్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. 377 మంది విద్యార్థులు 15 వారాల పాటు, తాము మార్చుకోవాలనుకున్న గుణానికి తగ్గ చిన్న చిన్న పనులు వారంవారం ఎంచుకున్నారు. ఆ పనులు నిజంగా చేసినవాళ్ళ గుణాల్లో అనుకున్న వైపు మార్పు కనిపించింది. అది చిన్న మార్పే, కొత్త జన్మేమీ కాదు.

అందులో నన్ను ఆపింది వేరే సంగతి. పనులు ఒప్పుకుని చెయ్యనివాళ్ళలో కొన్ని గుణాలు ఉన్నచోటు నుంచి కాస్త వెనక్కి జరిగాయి. అంటే తీర్మానం రాసుకుని ఊరుకోవడం కన్నా, అసలు రాసుకోకపోవడమే నయం కావచ్చు.

తీర్మానాలు ఎలాగూ నిలవవు కదా. ఎందుకీ తతంగం?

ఆరంభశూరత్వం అనే మాట మనకి ఊరికే పుట్టలేదు. అమెరికాలో జాన్ నార్‌క్రాస్ అనే సైకాలజిస్టు 1980లలో 200 మంది తీర్మానాలను రెండేళ్ళ పాటు గమనించారు. మొదటి వారం దాటినవాళ్ళు 77 శాతం, రెండేళ్ళకి మిగిలినవాళ్ళు 19 శాతం. ఈ రెండో అంకె చూసే అందరూ నిట్టూరుస్తారు.

కానీ ఆయనదే 2002లో వచ్చిన ఇంకో అధ్యయనం ఉంది. తీర్మానం చేసుకున్నవాళ్ళనీ, అదే మార్పు కావాలనుకుంటూ తీర్మానం మాత్రం చేసుకోనివాళ్ళనీ పోల్చారు. ఆరు నెలల తర్వాత మొదటివాళ్ళలో 46 శాతం నిలబడ్డారు, రెండోవాళ్ళలో 4 శాతం. ఎవరికి వారు చెప్పుకున్న లెక్కలే కాబట్టి కాస్త తగ్గించి చూసినా, తేడా మామూలుది కాదు. "చూద్దాంలే" అనుకోవడం కన్నా ఒక రోజు చూసి గట్టిగా అనుకోవడం మేలు.

జనవరి 1నే మొదలుపెట్టాలా? ఆ రోజు దాటిపోతే?

అక్కర్లేదు. సోమవారం, నెల మొదటి తేదీ, పుట్టినరోజు మర్నాడు, ఏదైనా పనికొస్తుంది. హెంగ్‌చెన్ డై, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో చూపించింది ఇదే: ఇలాంటి రోజుల తర్వాత జనం జిమ్‌కి వెళ్ళడం, డైటింగ్ గురించి నెట్‌లో వెతకడం పెరుగుతుంది. పాత తప్పులు చేసింది "అప్పటి నేను" అని పక్కన పెట్టేసే వీలు దొరుకుతుంది కాబట్టి. అదొక తోపు మాత్రమే. ఆ తోపుతో బండి ఎన్నాళ్ళు నడుస్తుందన్నది వేరే లెక్క.

ఎన్ని తీర్మానాలు పెట్టుకోవచ్చు? నా లిస్టులో ఎనిమిది ఉన్నాయి.

ఏడు కొట్టెయ్యండి. నా దగ్గర ఒక పాత డైరీ ఉంది, మొదటి పేజీలో 11 తీర్మానాలు, వరస నంబర్లు, కింద ఎర్ర ఇంకుతో రెండు గీతలు. జనవరి 9 తర్వాత డైరీ అంతా తెల్ల కాగితాలే.

ఎక్కువ కావాలనుకునేవాళ్ళు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పద్ధతి చూడండి. ఆయన యువకుడిగా ఉన్నప్పుడు 13 సద్గుణాల పట్టిక రాసుకున్నాడు. అన్నిటి మీదా ఒకేసారి పడితే చెదిరిపోతానని, వారానికి ఒక్కదాని మీదే దృష్టి పెట్టాడు. 13 వారాలకి ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. చిన్న పుస్తకంలో రోజుకో గడి గీసి, తప్పు జరిగిన చోట నల్ల చుక్క పెట్టేవాడు. పట్టికలో చుక్కలు తాను అనుకున్న దానికన్నా చాలా ఎక్కువ పడ్డాయని ఆయనే ఒప్పుకున్నాడు. క్రమపద్ధతి అనే గుణం అయితే ఆయనకి చివరిదాకా లొంగలేదు.

"కోప్పడను" అని పెట్టుకోవాలా, "నెమ్మదిగా మాట్లాడతాను" అని పెట్టుకోవాలా?

రెండోదే. స్వీడన్‌లో 1,066 మంది తీర్మానాలను ఏడాది పాటు గమనించి, 2020లో ఫలితాలు ప్రచురించారు. "ఇది చేస్తాను" అని పెట్టుకున్నవాళ్ళలో 58.9 శాతం, "ఇది మానేస్తాను" అన్నవాళ్ళలో 47.1 శాతం నిలబడ్డామని చెప్పారు. మానెయ్యడం అంటే ఆ చోటు ఖాళీ చెయ్యడం, అందులో ఏం పెట్టాలో చెప్పకపోతే పాతదే వచ్చి కూర్చుంటుంది. "చాడీలు చెప్పను" బదులు "ఒకరి గురించి మాట వస్తే, వాళ్ళ ముందు అనగలిగిందే అంటాను" అని రాసుకోండి.

## మొదటి వారాలు

అంతా అయిపోయాక గుర్తొస్తోంది, "అయ్యో, మళ్ళీ అరిచాను" అని. ముందే గుర్తు రావాలంటే?

ముందుగా, అయిపోయాక గుర్తు రావడం కూడా ముందడుగే. మొదట్లో రాత్రి పడుకున్నాక గుర్తొస్తుంది. కొన్నాళ్ళకి గంటలో, తర్వాత నిమిషంలో, ఆ తర్వాత వాక్యం సగంలో. ఆ సగంలో ఆగిపోయిన వాక్యం ఎదుటివాళ్ళకి వింతగా వినిపిస్తుంది. వినిపించనివ్వండి.

దీన్ని త్వరపెట్టే ఉపాయం ఒకటుంది. పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్టు 1990ల నుంచి దీని మీద పని చేశారు. "ఇలా జరిగితే, అలా చేస్తాను" అని ముందే ఒక వాక్యం కట్టుకోవడం. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 అధ్యయనాలను కలిపి చూస్తే, ఊరికే అనుకోవడం కన్నా ఇలా వాక్యం కట్టుకున్నవాళ్ళు గమ్యం చేరడం స్పష్టంగా ఎక్కువ. వాక్యంలో మొదటి సగం కంటికో చెవికో తగిలే వస్తువై ఉండాలి. "కోపం వస్తే" అంటే పట్టు దొరకదు. "పిల్లాడి హోంవర్క్ పుస్తకం తెరవగానే, కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంటాను" అంటే దొరుకుతుంది.

21 రోజులు వరసగా చేస్తే అలవాటైపోతుందట కదా?

ఆ 21 వెనక ఒక ప్లాస్టిక్ సర్జన్ ఉన్నాడు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ఆయన 1960లో, ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడడానికి మనుషులకి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. నోటా నోటా పడి "కనీసం" రాలిపోయింది, ముఖం సంగతీ మాయమైంది.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసిన అధ్యయనంలో అలవాటు కుదురుకోవడానికి పట్టిన కాలం 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యస్థంగా 66. అవి కూడా నీళ్ళు తాగడం, పండు తినడం, పరిగెత్తడం వంటి పనులు. ఎదురుగా మనిషి లేని పనులన్నమాట. ఎదురుగా ఒక మనిషి, ఆ మనిషికి ఒక మూడ్, మీకు ఇంకో మూడ్ ఉన్నప్పుడు ఇంకా ఎక్కువే పట్టొచ్చని నా అంచనా. 21వ రోజున ఏమీ జరగకపోతే టెన్షన్ పడకండి.

నా తీర్మానం ఇంట్లోవాళ్ళకీ ఫ్రెండ్స్‌కీ చెప్పెయ్యాలా?

"రోజూ నడుస్తాను" లాంటిదైతే చెప్పండి, ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. కానీ "నేను ఇకనుంచి ఇలాంటి మనిషిని" అనే రకం తీర్మానం చాటింపు వేస్తే కష్టం. గోల్విట్జర్ బృందమే 2009లో చూసింది: తాము ఎలాంటి మనిషి కావాలో ఇతరుల చెవిన వేసి, వాళ్ళు తలూపాక, జనం ఆ దిశగా చేసే కృషి తగ్గింది. చెప్పడంతోనే సగం అయిపోయినట్టు అనిపిస్తుంది కాబోలు. పైగా ఇంట్లో ఇంకో చిక్కు ఉంది. మొదటిసారి గొంతు పెంచగానే "ఏదో మారతానన్నావ్?" అనే మాట రెడీగా ఉంటుంది. ఆ మాటకొచ్చే కోపం అసలు కోపం కన్నా పెద్దది.

నాకు మంచి మనసే ఉంది, టైమే లేదు. ఏం చెయ్యను?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళ మీద నాకు జాలి, నా మీద నాకున్నంత.

1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే ఇద్దరు ప్రిన్స్‌టన్‌లో ఒక ప్రయోగం ప్రచురించారు. మతబోధకులు కావడానికి చదువుతున్న 40 మంది విద్యార్థులు అందులో ఉన్నారు. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి వెళ్ళి చిన్న ప్రసంగం చెయ్యాలి. కొందరికి ఇచ్చిన అంశం, దారిలో గాయపడిన మనిషికి సాయం చేసిన బాటసారి కథ. వెళ్ళే దారిలో ఒక గుమ్మం దగ్గర ఒక మనిషి ఒంగిపోయి, దగ్గుతూ, మూలుగుతూ పడి ఉన్నాడు. అతను ప్రయోగంలో భాగమే. కొందరికి "ఇంకా టైముంది, నెమ్మదిగా వెళ్ళండి" అన్నారు, కొందరికి "సరిగ్గా టైమైంది" అన్నారు, కొందరికి "ఆలస్యమైపోయింది, పరిగెత్తండి" అన్నారు.

టైము ఉన్నవాళ్ళలో 63 శాతం ఆగి సాయం చేశారు. పరిగెత్తమన్నవాళ్ళలో 10 శాతం. ప్రసంగం దేని గురించన్నది చెప్పుకోదగ్గ తేడా తేలేదు. సాయం గురించి మాట్లాడడానికి వెళ్తూ, పడి ఉన్న మనిషిని దాటుకుని వెళ్ళిపోయినవాళ్ళున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, హడావుడిలో ఉన్నారంతే.

అందుకని నేను అనేది, మనసు సంగతి తర్వాత చూద్దాం, ముందు గడియారం సంగతి చూడండి. మీరు రోజులో ఎప్పుడు కసురుతున్నారో ఒక వారం రాసి పెట్టండి. చాలామటుకు బయల్దేరే ముందు పది నిమిషాల్లోనే ఉంటుంది. బండి తాళాలు కనపడవు, ఒకరు బాత్రూంలోంచి రారు, ఎవరో ఫోన్లో పలకరిస్తారు. పావుగంట ముందు లేవడం కూడా మంచితనం కిందే లెక్క. నాకు తెలిసిన తీర్మానాల్లో ఎవరూ పట్టించుకోనిదీ, అన్నిటికన్నా పనిచేసేదీ ఇదే.

కోపం లోపల పెట్టుకోకుండా కక్కేస్తే మంచిదంటారు కదా?

అంటారు, కానీ పరిశోధనలు ఒప్పుకోవు. బ్రాడ్ బుష్‌మన్ 2002లో చేసిన ప్రయోగంలో, తమను కించపరిచినవాణ్ణి తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ని గుద్దినవాళ్ళకి కోపం పెరిగింది. ఏమీ చెయ్యకుండా కాసేపు కూర్చున్నవాళ్ళే నయం. 2024లో సోఫీ షార్విక్‌తో కలిసి ఆయన 154 అధ్యయనాలను కలిపి చూసినా అదే తేలింది: ఒంట్లో వేడి పెంచే పనులు కోపాన్ని తగ్గించవు, జాగింగ్ లాంటివైతే పెంచవచ్చు కూడా. నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం, ధ్యానం, కండరాలు వదులు చెయ్యడం తగ్గిస్తాయి.

అంటే దిగమింగి ఊరుకోమని కాదు. చెప్పాల్సింది చెప్పండి, చల్లారాక.

కోపంలో చెయ్యి కూడా లేస్తోంది. దీనికి తీర్మానం సరిపోతుందా?

సరిపోదు. వస్తువులు విసరడం, కొట్టడం, ఇంట్లోవాళ్ళు మీ అడుగుల చప్పుడికే సర్దుకుని కూర్చోవడం దాకా వస్తే కౌన్సిలర్‌నో సైకియాట్రిస్టునో కలవండి. కొత్త ఏడాది దాకా ఆగొద్దు. ఈలోగా, చెయ్యి లేచేలా ఉందనిపించిన క్షణంలో ఆ గదిలోంచి బయటికి వెళ్ళిపోండి.

## ఇంట్లో, బయట

బయట అందరూ నన్ను మంచివాడంటారు. ఇంట్లోకి వచ్చేసరికి ఏమవుతుందో తెలియదు. ఎందుకిలా?

బయటివాళ్ళు వదిలేసి వెళ్ళిపోగలరు, ఇంట్లోవాళ్ళు అంత తేలిగ్గా వెళ్ళలేరు. ఆ సంగతి మనకి లోలోపల తెలుసు. ఆఫీసులో ఎనిమిది గంటలు బిగబట్టుకున్నదంతా గడప దాటగానే వదిలేస్తాం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మనం రచ్చలో గెలిచిన అలసటంతా తెచ్చి ఇంట్లో పోస్తాం.

ఉపాయం చిన్నదే. తలుపు తాళం చెవి చేతిలోకి తీసుకున్నాక ఒక్క నిమిషం ఆగండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో వెయ్యండి. లోపల ఎవరున్నారో, పొద్దున వెళ్ళేటప్పుడు వాళ్ళు చెప్పిన సంగతి ఏంటో గుర్తు తెచ్చుకోండి: పరీక్ష, మోకాలి నొప్పి, మేనేజర్‌తో మీటింగ్, ఏదో ఒకటి ఉంటుంది. లోపలికి వెళ్ళగానే మొదటి మాట దాని గురించి అడగండి. "కరెంటు బిల్లు కట్టారా?" అన్నది రెండో మాట కావాలి.

వాళ్ళేదైనా మంచి కబురు చెప్పినప్పుడు కూడా చూసుకోండి. షెల్లీ గేబుల్ బృందం 2004లో దంపతుల మీద, జంటల మీద చేసిన పరిశోధనలో, మంచి వార్తకి భాగస్వామి ఉత్సాహంగా స్పందించే జంటలు ఎక్కువ సంతృప్తిగా ఉన్నట్టు తేలింది. కష్టంలో తోడుండడం గురించి మనం బోలెడు మాట్లాడుకుంటాం. ఫోన్ చూస్తూ "ఊఁ, బాగుంది" అన్నప్పుడు ఎదుటి ముఖంలో ఏం ఆరిపోతుందో మాత్రం చూడం.

ఎప్పుడో చేసిన తప్పుకి ఇప్పుడు సారీ చెప్పొచ్చా? ఎలా చెప్పాలి?

చెప్పొచ్చు. ఎలా చెప్పకూడదో నాకు అనుభవమే.

చెల్లెలి పెళ్ళప్పుడు నేనన్న ఒక మాట చాలా ఏళ్ళు మా మధ్య ఉండిపోయింది. ఒక కొత్త సంవత్సరం రోజు ధైర్యం చేసి ఫోన్ చేశాను. "అప్పుడు నేనన్న దానికి నువ్వు బాధపడి ఉంటే సారీ రా" అన్నాను. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత "ఉంటే ఏంటన్నయ్యా?" అంది. అంతే. ఆ "ఉంటే"తో తప్పు నా మాటలోంచి తీసి ఆమె బాధలో పెట్టేశాను. రెండోసారి చెయ్యడానికి నాకు ఇంకో మూడు నెలలు పట్టింది. అప్పుడు మాత్రం ఏ మాట అన్నానో ఆ మాటే మళ్ళీ నోటితో అని, "అది తప్పు, అందరి ముందు అన్నాను" అని ఆగిపోయాను. ఆగడమే కష్టమైంది. "కానీ ఆ రోజు నా పరిస్థితి..." అనే వాక్యం నాలుక చివర ఉంది.

రాయ్ లెవికీ బృందం 2016లో క్షమాపణలోని ఆరు భాగాలను విడదీసి చూసింది: విచారం చెప్పడం, ఏం జరిగిందో వివరించడం, తప్పు నాదేనని ఒప్పుకోవడం, మళ్ళీ చెయ్యనని చెప్పడం, నష్టాన్ని సరిచేస్తాననడం, క్షమించమని అడగడం. అన్నిటికన్నా పనిచేసింది తప్పు ఒప్పుకోవడం, తర్వాత సరిచేస్తాననడం. అన్నిటికన్నా తక్కువ పనిచేసింది క్షమించమని అడగడం. మనం మామూలుగా చెప్పే క్షమాపణల్లో ఆ చివరిదొక్కటే ఉంటుంది.

ఒక జాగ్రత్త: ఎదుటివాళ్ళు ఆ గాయాన్ని మర్చిపోయి, మీతో సంబంధం లేకుండా హాయిగా ఉంటే, మీ మనసు తేలికపడడం కోసం వెళ్ళి తలుపు తట్టకండి.

సారీ చెప్పినా వాళ్ళు మాట్లాడట్లేదు. ఇప్పుడేం చెయ్యాలి?

ఏమీ చెయ్యొద్దు. మీ పని చెప్పడంతో అయింది, వాళ్ళ పనికి గడువు పెట్టే హక్కు మీకు లేదు. వారంవారం "ఇంకా కోపంగానే ఉన్నావా?" అని అడగడం వసూళ్ళకి తిరిగినట్టు ఉంటుంది.

మంచిగా ఉంటే లోకువ చేస్తున్నారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి కదా?

మీరు మంచిగా ఉంటున్నారా, కాదనలేక ఒప్పుకుంటున్నారా? బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. తేడా రాత్రికి తెలుస్తుంది: ఇష్టంతో చేసిన సాయం గుర్తుకే రాదు, మొహమాటంతో చేసిన సాయం పదిమందికి చెప్పుకోవాలనిపిస్తుంది. అలా చెప్పుకుంటున్నారంటే ఆ పనికి మొదట్లోనే "నాకు కుదరదండీ" అనాల్సింది. సరేనని చివరి రోజు చెయ్యెత్తేసేవాడికన్నా, మొదటి రోజే కుదరదన్నవాడు ఎంతో మేలు చేసినట్టు. వేరే మనిషిని వెతుక్కునే టైమైనా మిగులుతుంది.

ఎవరికైనా మనస్ఫూర్తిగా థ్యాంక్స్ చెప్పాలంటే మొహమాటం. నాటకీయంగా ఉంటుందేమో అనిపిస్తుంది. చెప్పాలా?

చెప్పండి. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ఇదే పరీక్షించారు. తమకి మేలు చేసినవాళ్ళకి కృతజ్ఞతతో ఉత్తరం రాయమన్నారు. అందుకున్నవాళ్ళకి ఇబ్బందిగా ఉంటుందని రాసినవాళ్ళు అనుకున్నారు. నిజానికి ఇబ్బంది వాళ్ళు ఊహించిన దానికన్నా తక్కువ, సంతోషం ఎక్కువ. రాసేవాడికి మాటలు సరిగ్గా కుదిరాయా అన్న దిగులు, చదివేవాడికి తనని తలుచుకున్నారన్న సంబరం.

మా ఆయన్ని కూడా ఈ ఏడాది మార్చాలనుకుంటున్నాను. ఎలా?

ఆయన కూడా మీ గురించి ఇదే అడిగారేమో కనుక్కోండి.

## జారిపోయినప్పుడు

రెండు వారాలకే మళ్ళీ పాత మనిషినైపోయాను. ఈ ఏడాదికి ఇంక అంతేనా?

ఒక రోజు తప్పితే ఏమీ కాదు. అలవాట్ల మీద ఫిలిప్పా లాలీ చేసిన అధ్యయనంలోనే ఆ సంగతి తేలింది: మధ్యలో ఒకసారి మానేసినంత మాత్రాన అలవాటు ఏర్పడడం పెద్దగా దెబ్బతినలేదు.

దెబ్బ తీసేది తప్పిన రోజు కాదు, ఆ మర్నాడు. 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ డైటింగ్ చేసేవాళ్ళకి ముందు మిల్క్‌షేక్ తాగించి, తర్వాత ఐస్‌క్రీం ఎదురుగా పెట్టారు. మిల్క్‌షేక్ తాగినవాళ్ళు, అది తాగనివాళ్ళ కన్నా ఎక్కువ ఐస్‌క్రీం తిన్నారు. "ఎలాగూ చెడింది కదా" అనుకోవడమే కారణం. కోపం విషయంలోనూ అంతే. పొద్దున ఒకసారి అరిచాక, ఆ రోజు ఎలాగూ పాడైందని సాయంత్రం దాకా అరుస్తాం. రోజుని ముక్కలు చేసుకోండి. పొద్దున పాడైతే మధ్యాహ్నం కొత్తది.

నన్ను నేను గట్టిగా తిట్టుకుంటేనే కదా బుద్ధొచ్చేది?

చాలామంది అలాగే పెరిగాం కాబట్టి అలాగే అనిపిస్తుంది. జులియానా బ్రైన్స్, సెరీనా చెన్ 2012లో చేసిన ప్రయోగాల్లో దీనికి ఎదురు జరిగింది. కష్టమైన పదాల పరీక్షలో దెబ్బతిన్నాక, తమ మీద తాము కాస్త దయగా ఉండమన్న విద్యార్థులు తర్వాతి పరీక్షకి ఎక్కువసేపు చదివారు. ఈమధ్య చేసిన ఒక తప్పుని అలాగే దయతో తలుచుకున్నవాళ్ళలో దాన్ని సరిదిద్దుకోవాలన్న తపన ఎక్కువ కనిపించింది. తిట్టుకోవడంలో ఒక మోసం ఉంది: శిక్ష పడినట్టు అనిపించి, పని అయిపోయినట్టు ఉంటుంది. అటువైపు మాట పడ్డ మనిషి అలాగే కూర్చుని ఉంటాడు.

లోపల చిరాకుగా ఉంది, పైకి నెమ్మదిగా మాట్లాడుతున్నాను. ఇది నటన కాదా?

కాదు. న్యాయమైన పనులు చేస్తూ చేస్తూనే మనిషి న్యాయవంతుడవుతాడని దాదాపు 2,300 ఏళ్ళ కిందటే అరిస్టాటిల్ అన్నాడు, వీణ వాయిస్తూనే వైణికుడైనట్టు. మొదటి ఏడాది వీణ వాయించేవాణ్ణి పట్టుకుని "నటిస్తున్నావు" అని ఎవరూ అనరు, శ్రుతి తప్పిందంటారంతే. ఎదుటివాళ్ళని మోసం చెయ్యడానికి వేసే వేషం నటన. చిరాకు మీది, దాన్ని వాళ్ళ మీద వెయ్యకుండా ఆపిన చెయ్యి కూడా మీదే.

నేనింత మారినా ఎవరూ గుర్తించట్లేదు. ఎందుకు చెయ్యాలి?

మీరు పదేళ్ళు అరిచి ఉంటే, వాళ్ళు పదేళ్ళు జాగ్రత్తగా ఉండడం నేర్చుకున్నారు. మూడు నెలలకే నమ్మమంటే ఎలా? కొందరు కావాలనే గిల్లి చూస్తారు కూడా, నిజంగానా, నాలుగు రోజుల ముచ్చటా అని. విసుగ్గా ఉంటుంది, తెలుసు. "చూశావా, ఇవాళ నేను కోప్పడలేదు" అని మీరే చెప్పకండి. ఒకసారి చెప్పి చూశాను, చాలా నవ్వుకున్నారు.

## ఏడాది చివర

నిజంగా మారానో లేదో ఎలా తెలుస్తుంది?

మన లెక్కని మనం నమ్మలేం. ఫ్రాంక్లిన్ తన సద్గుణాల పట్టికలో మొదట 12 మాత్రమే రాసుకున్నాడు. నీకు గర్వమని అందరూ అనుకుంటున్నారని ఒక స్నేహితుడు చెప్పి, ఉదాహరణలు కూడా ఇచ్చాక, వినయం పదమూడోది అయింది. అంత జాగ్రత్తగా చుక్కలు పెట్టుకున్న మనిషికి కూడా అది బయటివాళ్ళు చెబితే గానీ తెలియలేదు. అందుకని ఒకరిని అడగండి, "నేను మంచివాణ్ణయ్యానా?" అని కాకుండా, "ఈమధ్య నాతో ఏ విషయం మాట్లాడాలంటే నీకు ఇబ్బందిగా ఉంది?" అని. అడిగాక సంజాయిషీ ఇవ్వకుండా వినండి.

అడక్కుండానే తెలిసే గుర్తులూ ఉన్నాయి. పిల్లలు గ్లాసు పగిలిందని వాళ్ళంతట వాళ్ళే వచ్చి చెప్తారు. ఆఫీసులో తప్పు జరిగితే ఆ కబురు మీకు చివర కాకుండా ముందు వస్తుంది. మీరు గదిలోకి రాగానే మాటలు ఆగవు.

మా అమ్మ ఇదివరకు ఫోన్లో ఏదైనా రెండోసారి అడగాల్సి వస్తే "విసుక్కోకు గానీ" అని మొదలుపెట్టేది. ఆ మాట ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. మొన్న ఒకే ఫోన్‌కాల్‌లో నేను ఎప్పుడొస్తున్నానని నాలుగుసార్లు అడిగింది.